కొండపల్లి కోట: రాణి చెరపడ్డ చోట రాళ్లే మిగిలాయి

గవర్నర్‌పేట (విజయవాడ): కొండపల్లి అనగానే ఎవరికైనా బొమ్మలే గుర్తుకొస్తాయి. ఊరి నెత్తిన కొండ మీద ఒకప్పుడు రాజ్యాల తలరాతలు మార్చిన కోట ఉందన్న సంగతి మన పల్లెల్లో చాలామందికి పట్టదు.

రెడ్డిరాజుల కాలంలో, 14వ శతాబ్దంలో లేచిన గిరిదుర్గమిది. తెలంగాణా నుంచి బెజవాడ రేవుకు, బందరుకు దిగే బాట ఈ కొండల పక్కగానే పోతుంది. కొండ చేతిలో ఉంటే బాట చేతిలో ఉన్నట్లే. అందుకే రెడ్ల తర్వాత బహమనీలు, ఒరిస్సా గజపతులు, గోల్కొండ నవాబులు, మొగలాయీలు వరసగా దీన్ని ఏలారు.

అన్నిటికంటె పెద్ద ముట్టడి శ్రీకృష్ణదేవరాయలది. 1515లో కొండవీడు గెలిచాక రాయలు కృష్ణ దాటి ఇటు వచ్చాడు. మూడు నెలలు చుట్టుముడితేగాని కోట లొంగలేదనీ, గజపతి రాణి, ఒక కుమారుడు, ఏడుగురు ముఖ్య సేనానులు పట్టుబడ్డారనీ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాశాడు. ఆ రాతను ఇంగ్లీషులోకి తెచ్చిన రాబర్ట్ సీవెల్ మన కృష్ణా జిల్లాకు కలెక్టరుగా చేసినవాడే. బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియం భవనానికి 1887లో శంకుస్థాపన చేసింది ఆయనే. ఆ దారిన రోజూ తిరిగేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

1766లో కోట ఇంగ్లీషు కంపెనీ వశమైంది. 1859 దాకా పటాలం ఉంది. పటాలం దిగిపోయాక కోటతో ఎవరికీ పని లేకపోయింది. కప్పులు కూలాయి, గోడల్లో చెట్లు మొలిచాయి. బురుజులు, ద్వారాలు, మహలు గోడలు మాత్రం నిలిచాయి. కొన్నిటిని పురావస్తు శాఖ బాగు చేయించింది.

కోట చుట్టూ ఉన్న అడవి సంగతి వేరు. బొమ్మలకు కావలసిన తెల్ల పొణికి చెట్టు ఈ కొండల్లోదే. అంబారీ ఏనుగును చెక్కాలన్నా అదే కొయ్య. ఇదే అడవిలో అక్రమ గ్రావెల్ తవ్వకాలపై 2021లో పెద్ద రభస జరిగింది. కొండను తవ్వితే చెట్టూ పోతుంది, పొదల్లో దాగిన పాత గోడా పోతుంది. పొణికి చెట్టును మళ్లీ నాటుకోవచ్చు. గోడను నాటలేం. కోట గోడలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో కొలిచి, కొండ కింది ఊళ్లవారందరికీ కనపడేలా హద్దురాళ్లు పాతించటం అధికారులు ముందు చేయవలసిన పని.