భద్రాచలం: అడవి అంచున పలు ఏలుబడుల ఊరు

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా అడవి దారిన పోతే సారపాక వద్ద గోదావరి అడ్డు వస్తుంది. ఆవలి ఒడ్డు భద్రాచలం. చుట్టూ అడవిలో కోయలు, దిగువ కొండల్లో కొండరెడ్లు, ఊళ్లో యాత్రికుల మీద ఆధారపడిన వర్తకులు, అర్చకులు, ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు. ఇన్ని జాతుల వారు ఒకచోట చేరడానికి దేవాలయం ఒక్కటే కారణం కాదు. ఏటి ఒడ్డున మారుతూ వచ్చిన ప్రభుత్వాలు కూడా కారణమే.

స్థల పురాణం పోకల దమ్మక్క అనే అడవి స్త్రీతో మొదలవుతుంది. విగ్రహాలను మొదట కనుగొన్నది ఆమేనంటారు. ఆ తర్వాత వచ్చినవాడు నేలకొండపల్లి వాస్తవ్యుడు కంచెర్ల గోపన్న. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా (1672-1687) కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఇతనికి మేనమామలు. వారి పలుకుబడితో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. సర్కారు శిస్తు సొమ్ముతో గుడి కట్టించినందుకు గోల్కొండ కోటలో ఖైదు అనుభవించాడు. ఇతనే రామదాసు.

ఈ ఖైదును మతద్వేషంగా చెప్పేవారు కొందరున్నారు. ఇది సమంజసం కాదు. శిస్తు సొమ్ము లెక్కకు రానప్పుడు ఏ ప్రభుత్వమైనా ఉద్యోగిని నిలదీయక తప్పదు. పైగా ఆ ప్రభుత్వానికి ప్రధాన మంత్రి మాదన్నే. సుల్తాను స్వయంగా సూఫీ గురువు షా రాజూ శిష్యుడు. 'తానాషా' అన్న పేరు కూడా ఆయన పెట్టినదే అంటారు. శ్రీరాముడే వచ్చి బాకీ తీర్చాడని, సుల్తాను గోపన్నను విడిచిపెట్టి కల్యాణానికి ముత్యాలు పంపాడని జనశ్రుతి. జనశ్రుతి చరిత్ర కాదు. అయితే కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని ఆసఫ్ జాహీలు కొనసాగించారు. నేడు రాష్ట్ర ప్రభుత్వం పంపుతోంది.

రామదాసుకు ఉపదేశం చేసినవాడు కబీర్ అని మరొక కథ. ముస్లిం నేతగాని ఇంట పెరిగిన కబీర్ 15వ శతాబ్దం వాడు, గోపన్న 17వ శతాబ్దం వాడు. ఇద్దరూ కలుసుకునే వీలు లేదు. అయినా కథ చెప్పినవారు గురువు స్థానానికి ఆ పేరునే ఎన్నుకోవడం గమనార్హం.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. అబుల్ హసన్ దౌలతాబాదు కోటలో బందీగా కన్నుమూశాడు. తర్వాతి కాలంలో ఈ సీమ నిజాముల చేతికి వచ్చింది. 1860 ఒడంబడికతో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువారికి పోయాయి. నది సరిహద్దు అయింది. ఒక ఒడ్డున నిజాం సర్కారు, ఉర్దూ దఫ్తరు. మరొక ఒడ్డున మొదట సెంట్రల్ ప్రావిన్సెస్, 1874 నుండి మద్రాసు వారి గోదావరి జిల్లా. పడవ దాటితే కచేరీ భాష మారేది. కానీ కోయలకు బంధువులు రెండు ఒడ్డులా ఉండేవారు. వారిని అడిగి ఎవరూ గీత గీయలేదు.

ఖమ్మం 1953లో వరంగల్ నుండి విడివడి జిల్లా అయింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుండి అందులో కలిసింది. రాజమండ్రికి తిరిగే వ్యవహారాలన్నీ ఖమ్మం వైపు మళ్లాయి. 2014లో మరొక గీత పడింది. పోలవరం ముంపు పేరిట చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా పట్టణం ఒక్కటే తెలంగాణలో మిగిలింది. 2016 నుండి అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఊరు దాటి నాలుగు అడుగులు వేస్తే ఎటపాక, అంటే వేరే రాష్ట్రం. గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని గుడి మాన్యాలు మరొక రాష్ట్రంలో.