పగ సినిమాకు బలం ఎక్కడుంది?

పగ సినిమా కథ మనందరికీ ముందే తెలుసు. అన్యాయం జరుగుతుంది, హీరో తిరగబడతాడు, విలన్ చస్తాడు. మరి తెలిసిన కథకే జనం హాలు ఎందుకు నింపుతారు?

ఫిజిక్సు భాషలో చెప్పాలంటే, స్ప్రింగును ఎంత నొక్కితే అంత ఎగురుతుంది. ఫైటు గతిశక్తి అయితే, అంతకుముందు హీరో దిగమింగిన అవమానమే స్థితిశక్తి. నొక్కకుండా వదిలిన స్ప్రింగులే చాలా సినిమాలు. సుమోలు గాల్లోకి లేస్తాయి గాని మన గుండె లేవదు.

కోదండరామిరెడ్డి 1983లో తీసిన 'ఖైదీ' చూడండి. సూర్యం పోలీసుస్టేషన్లో తిరగబడ్డాక గాని అతని గతం మనకు తెలియదు. ఇంత కోపం ఎందుకన్న ప్రశ్న ముందు, జవాబు తర్వాత. ఎదుట నింపాదిగా, వెటకారంగా మాట్లాడే రావు గోపాలరావు. విలన్ బరువును బట్టే హీరో బరువు.

రెండో గుణం, చావుకు లెక్క చెప్పడం. త్రివిక్రమ్ తీసిన 'అరవింద సమేత' (2018)లో పెద్ద ఫైటు మొదట్లోనే అయిపోతుంది. పేకాటలో ఐదు రూపాయల దగ్గర పుట్టిన పగ రెండూళ్ళను తినేసింది. జేజి మాట విన్నాక దాన్ని ఆపేదెట్లా అన్నదే మిగతా కథ.

మన సీమలో ఇది తెరమీది ముచ్చట మాత్రమే కాదు. గట్టు తగాదా ముదిరితే మగవాళ్ళు జైలుకో కాటికో పోతారు. వాన రాని ఏడు ఎండిన వేరుశెనగ చేను, అప్పు, పిల్లలు ఆడవాళ్ళకు మిగులుతాయి. ఈల వేయించేది మామూలు సినిమా. ఈల వేసిన నోటితోనే 'ఇంక సేద్యం ఎవరు చేయాల?' అని అడిగించేది గొప్ప సినిమా.