మీకు తెలుసా? పాతబస్తీలో పిల్లల తొలి 'ట్రెక్కింగ్'

నాలుగేళ్ల పిల్లాణ్ని గోల్కొండ మెట్లెక్కిస్తే సగం దారిలోనే 'నాన్నా, ఎత్తుకో' అంటాడు. అందుకే మొదట బహదూర్‌పురా వెళ్లండి. 1963లో తెరుచుకున్న అక్కడి నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు. చెట్ల నీడలో చదునైన దారులు. మొత్తం చూపించాలని పంతం పట్టకండి. ఏనుగు, జిరాఫీ అయ్యాక కాళ్లు నొప్పులంటే బ్యాటరీ బండి ఎలాగూ ఉంది. సోమవారం మాత్రం సెలవు, గేటు దగ్గర పిల్లల ఏడుపు వినాల్సొస్తుంది!

జూను ఆనుకునే మీర్ ఆలం చెరువు. మూడో నిజాం సికిందర్ జా దివాను పేరు అది. 19వ శతాబ్దం ఆరంభంలో కట్టిన దాని ఆనకట్ట ఒకే గోడ కాదు, వరసగా 21 అర్ధచంద్రాకారపు కమానులు. వాటి ఉబ్బు నీటివైపు ఉంటుంది కాబట్టి, నీటి ఒత్తిడి కమాను వెంట జారి రెండు పక్కల దిమ్మెలకు చేరుతుంది. ఉస్మాన్ సాగర్ జలాశయం రాకముందు నగరం ఎక్కువగా తాగింది ఈ నీళ్లే.

కమాను బలం పిల్లలకు అర్థం కావాలంటే కాగితాన్ని నిటారుగా నిలబెట్టి ఊదమనండి, పడిపోతుంది. వంచి నిలబెట్టి మళ్లీ ఊదమనండి.