గర్భసంచి దాకా చేరని గర్భం

నూరు గర్భాల్లో ఒకటో రెండో గర్భసంచి బయట నిలుస్తాయి. వైద్యులు దీన్ని ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు. ఒకటీ రెండే కదా అనుకోకండి. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. వెయ్యి మందికి ఏటా 16 కాన్పుల చొప్పున వేసుకుంటే, ఆ కేంద్రం పరిధిలో దాదాపు 500 మంది గర్భిణులుంటారు. వాళ్లలో ఐదు నుంచి పది మందికి ఈ ముప్పు ఉన్నట్టే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ మండలానికీ ఇది దూరపు జబ్బు కాదు.

అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో కాదు, దాని పక్కనుండే ఫెలోపియన్ ట్యూబులో. ట్యూబు లోపలి సన్నని నూగు మెల్లగా నెడుతుంటే, ఏర్పడిన పిండం నాలుగైదు రోజులకు గర్భసంచికి చేరుతుంది. వారం తిరిగేసరికి అది ఎక్కడుంటే అక్కడే అంటుకుంటుంది. దారిలో అడ్డు తగిలితే ట్యూబులోనే పాతుకుపోతుంది. ఎక్టోపిక్ గర్భాల్లో 90 శాతానికి పైగా ఇలాంటివే. అండాశయం మీదో, పాత సిజేరియన్ మచ్చలోనో నిలిచేవి తక్కువ.

గర్భసంచి సాగుతుంది, ట్యూబు సాగదు. పిండం పెరిగేకొద్దీ ట్యూబు గోడలోని రక్తనాళాలను తొలుచుకుంటూ పోతుంది. నెల తప్పిన కొద్ది వారాల్లోనే ట్యూబు పగలొచ్చు. అప్పుడు రక్తమంతా పొట్ట లోపలే నిండుతుంది, బయటికి కనిపించేది నాలుగు చుక్కలే. మోసమంతా ఇక్కడే ఉంది. ట్యూబులోని పిండాన్ని తీసి గర్భసంచిలో పెట్టే వైద్యం ఇంతవరకూ లేదు.

ట్యూబు దారి చెడటానికి కారణాలు చాలా ఉన్నాయి. క్లమీడియా, గనేరియా వంటి ఇన్ఫెక్షన్లు, జననాంగాల క్షయ, ట్యూబుకు జరిగిన పాత ఆపరేషన్లు వాటిలో కొన్ని. ఒకసారి ఎక్టోపిక్ వచ్చినవారిలో పదిమందికి ఒకరికి మళ్లీ వస్తుంది. ఏ కారణమూ దొరకని స్త్రీలూ సగం దాకా ఉంటారు.

మన జిల్లాల్లో మరో సంగతి గట్టిగా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల వివాహితల్లో 61.9 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆ ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే మాత్రం ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. అమెరికాలో 1996లో వెలువడిన పెద్ద అధ్యయనంలో అలా వచ్చిన గర్భాల్లో దాదాపు మూడో వంతు ఎక్టోపిక్‌గా తేలాయి. ‘నాకు ఆపరేషన్ అయింది, ఇంక కడుపెక్కడిది’ అనుకునే ఆమె నొప్పిని గ్యాస్ అనుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. మెడికల్ షాపులో కొనే గర్భస్రావం బిళ్లలదీ ఇలాంటి ప్రమాదమే. అవి ట్యూబులోని గర్భం మీద పనిచేయవు. పైగా బిళ్ల వేసుకున్నాక అయ్యే రక్తస్రావం చూసి, పని అయిపోయిందని నమ్ముతారు.

ఆసుపత్రిలో ముందు మూత్రపరీక్ష చేస్తారు, తర్వాత స్కానింగ్. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో గర్భం ఎక్కడుందో త్వరగా తెలుస్తుంది. తేలకపోతే రక్తంలో బీటా హెచ్‌సీజీ హార్మోన్‌ను 48 గంటల తేడాతో రెండుసార్లు కొలుస్తారు. గర్భసంచిలో సరిగ్గా నిలిచిన గర్భమైతే తొలి వారాల్లో అది చాలావరకు ఆ వ్యవధిలో సగానికి పైగా పెరుగుతుంది. పెరుగుదల మందగిస్తే అనుమానించాలి.

త్వరగా పట్టుకుంటే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో సరిపోవచ్చు. ట్యూబు పగలకుండా, పిండం గుండె కొట్టుకోకుండా, హార్మోన్ 5,000 యూనిట్ల లోపు ఉన్నవారికి సాధారణంగా ఈ దారి ఎంచుకుంటారు. వేగంగా విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు ఆ ఆమ్లం పని చేయకుండా అడ్డుకుంటుంది. పిండం ఎదగడం ఆగి, క్రమంగా కరిగిపోతుంది. నాలుగో రోజు, ఏడో రోజు రక్తపరీక్ష చేసి హార్మోన్ 15 శాతమైనా తగ్గిందా అని చూస్తారు. ఈ చికిత్సలో ఉన్నంతకాలం ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ఆపాలి.

ఈ ఇంజెక్షన్, ఆ బిళ్లలు, రెంటి వెనుకా ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన అమెరికా లెడర్లీ ప్రయోగశాల బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుగుడైన మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలోనే పుట్టింది. మొదట క్యాన్సర్లకు వాడిన ఈ మందు 1980ల్లో ఎక్టోపిక్ చికిత్సలోకి వచ్చింది.

ట్యూబు పగిలితే ఆపరేషన్ ఒక్కటే మార్గం. రోగి నిలకడగా ఉంటే లాపరోస్కోప్‌తో, లేకుంటే పొట్ట కోసి ఆ ట్యూబును తీసేస్తారు. 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ ఈ శస్త్రచికిత్స చేసి చూపేదాకా పగిలిన ట్యూబంటే చాలావరకు చావే. రెండో ట్యూబు బాగుంటే మళ్లీ తల్లి కావచ్చు. ఆపరేషన్‌తో పాటు రక్తమూ కావాలి. తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఆ 2019-21 సర్వేలోనే తేలింది. ఉన్న రక్తమే తక్కువైన ఒంటికి లోపలి రక్తస్రావాన్ని తట్టుకునే ఓపిక ఎక్కడిది?

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అంతకుముందు క్లిష్టమైన కేసంటే వరంగల్, హనుమకొండలే దిక్కు. ఆసుపత్రి ఎంత దగ్గరికొచ్చినా, ఇంట్లో పోగొట్టుకున్న గంటలను అది తిరిగి తేలేదు.

పిల్లల ఆపరేషన్ అయినా, కాపర్-టీ ఉన్నా సరే, నెల తప్పి పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొంచెం రక్తం కనిపిస్తే అదే రోజు పరీక్ష చేయించండి. కళ్లు తిరిగినా, భుజం కొసన నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.