కారు ఒంటిమీది నాలుగు పొరలు

తొలి కార్లకు గుర్రపు బగ్గీల రంగే వేసేవారు. నూనె వార్నిష్‌ను కుంచెతో పూసి, ఆరబెట్టి, రుద్ది, మళ్లీ పూసేవారు. ఒక్కో బండికి వారాలు పట్టేది. 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. ఆ వేగానికి రంగు అడ్డు కాకూడదు. అందుకే 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కార్లన్నీ నల్లగానే వచ్చాయి. ఆ నలుపు చవక, గట్టిది కూడా.

ఈలోగా డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజుతో 'డ్యూకో' లక్కరు తయారుచేసింది. తుపాకి మందుకూ సినిమా రీళ్లకూ వాడిన పదార్థమే అది. స్ప్రే గన్‌తో కొడితే గంటల్లో ఆరిపోయేది. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లు దానితోనే నీలంగా మెరిశాయి. కొద్ది కాలానికే ఫోర్డ్ కూడా రంగుల్లోకి వచ్చాడు.

మిగిలింది తుప్పు. తలుపు మడతల్లోకి స్ప్రే గన్ చేరదు, నీళ్లు చేరతాయి. 1960లలో ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూయర్ బృందం దీనికి చూపిన ఉపాయం అద్భుతం. కారు బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి కరెంటు పంపారు. విద్యుదావేశమున్న రంగు కణాలు ఇనుముకు అంటుకుంటాయి. అంటుకున్నచోట పొర కరెంటును అడ్డుకుంటుంది. అప్పుడు కరెంటు ఇంకా బోసిగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. అలా మూలమూలకూ రంగు తనంతట తానే చేరుతుంది. ఆపైన బాడీని సుమారు 170 డిగ్రీల వేడిలో కాలుస్తారు.

తొట్టిలో అంటిన ఆ తొలి పొర మీద ప్రైమరు, ఆ మీద మనం చూసే రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోటు. నాలుగూ కలిపినా మందం ఇంచుమించు తల వెంట్రుకంత. మెరుపంతా ఆ చివరి పొరదే.

కొలిమిలోకి వెళ్లేటప్పుడు బాడీకి టైర్లు, సీట్లు, వైర్లు ఉండవు. తయారైన కారును మళ్లీ అంత వేడిలో పెట్టలేం. వర్క్‌షాపులో వేసేది హార్డెనర్ కలిపి తక్కువ వేడిలో ఆరబెట్టే రంగు. పెయింటరు ఎంత నేర్పరి అయినా ఫ్యాక్టరీ పూత తిరిగి రాదు.

కాబట్టి కొత్త కారు డెలివరీ తీసుకునే ముందే రంగు మందం కొలిచే మీటరు పెట్టించండి. మిగతా ప్యానెళ్లు 120 మైక్రాన్లు చూపుతుంటే ఒక తలుపు 250 చూపిందంటే దానికి మళ్లీ రంగు పడి ఉండొచ్చు, కారణం అడగండి. బంపరు ప్లాస్టిక్ కనుక ఈ మీటరు అక్కడ పనిచేయదు. దానికి రంగు విడిగా వేస్తారు కనుక ఛాయలో కొద్ది తేడా సహజం.

రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచే అలవాటు మాత్రం మానుకోండి. దుమ్ములోని ఇసుక రేణువులు క్లియర్ కోటు కంటే గట్టివి, ప్రతి తుడుపూ సన్నని గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పోయండి, తర్వాతే మెత్తని గుడ్డ. పిట్ట రెట్ట పడితే ఎండ ఎక్కకముందే కడిగేయండి.