గ్రీకుల అనుకరణవాదము

కళ అనుకరణమని ప్లేటోయు (మరణము క్రీ.పూ. 347), ఆతని శిష్యుడగు అరిస్టాటిలును (క్రీ.పూ. 384–322) అంగీకరించిరి. ఇరువురు వాడిన ‘మిమేసిస్’ అను పదమొక్కటియే. దానినుండి తేల్చిన సిద్ధాంతములు మాత్రము వేఱు.

‘రిపబ్లిక్’ దశమభాగమున ప్లేటో మంచమును దృష్టాంతముగ గైకొనెను. దైవసృష్టమగు మంచపు మూలరూప మొకటి. దాని ననుసరించి వడ్రంగి చేసినది రెండవది. ఆ వడ్రంగిమంచము కంటికి గోచరించు తీరును చిత్రకారుడు వ్రాసినది మూడవది. కవియు చిత్రకారునివలె సత్యమునకు దూరుడు. కావున దేవతాస్తోత్రములకును సజ్జనప్రశంసలకును దప్ప తక్కిన కవిత్వమునకు ఆదర్శరాజ్యమున తావు లేదనెను.

అరిస్టాటిలు ‘పొయెటిక్స్’ నాల్గవ ప్రకరణమున, అనుకరణము మానవునకు బాల్యమునుండి సహజమనియు, తొలిచదువు దానివలననే యబ్బుననియు జెప్పెను. శవమును జూచి రోతపడుదుము. దాని చిత్రమును ఇష్టముతో జూతుము. ‘ఇది యదియే’ యని గుర్తించుటలోని జ్ఞానమే ఆ యానందమునకు హేతువు. చరిత్రకారుడు జరిగినది చెప్పును. కవి జరుగదగినది చెప్పును. హెరొడోటసు రచనను పద్యములలో గూర్చినను చరిత్రయే యగును. కావున కావ్యము చరిత్రకంటె తత్త్వమునకు సన్నిహితమని యాతని మతము.

మనము ‘మిమేసిస్’ను అనుకరణమని తెనిగించుచున్నాము. ఆ మాట వినినంతనే విద్యార్థికి నకలు స్ఫురించును. అది ప్లేటో యాక్షేపమునకు జాలునుగాని అరిస్టాటిలు సమాధానమునకు జాలదు. ఈ భేదమును ముందుగా విప్పి చెప్పనిచో, శిష్యుని నోట గురువుమాటనే పలికించినవార మగుదుము.