పిల్లల పెంపకానికీ ఒక చదువు

“పిల్లల్ని పెంచడం నేర్చుకోవడానికి కూడా కాలేజీకి వెళ్లాలా?” ఇంటర్ పూర్తయిన అమ్మాయి ‘మానవ వికాసం, కుటుంబ అధ్యయనాలు’ చదువుతానంటే ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని మన ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. దాదీ, నానీ ఏ పట్టాలూ లేకుండానే ఇంతమందిని పెంచలేదా అని పెద్దలు అంటారు.

నిజమే, కానీ దాదీ చుట్టూ నిండు కుటుంబం ఉండేది. నేడు నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులకు వెళ్లే తల్లిదండ్రుల్లో పెద్దల్ని సొంత ఊళ్లలో వదిలి వచ్చినవారు ఎందరో. బిడ్డ ఎదుగుదలను గమనించే అనుభవజ్ఞుల కళ్లు ఇంట్లో తగ్గాయి. ఆ లోటును కొంతవరకైనా తీర్చేది ఈ శాస్త్రం.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండేళ్లు నిండినా పిల్లవాడు రెండు మాటలు కలిపి పలకడం లేదు. “వాళ్ల అబ్బాకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి” అని కొందరు సర్దిచెబుతారు. “ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు; అందుకే తికమకపడుతున్నాడు” అని మరికొందరంటారు. ఈ శాస్త్రం చదివినవారు తీర్పు చెప్పేముందు గమనిస్తారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? కావలసినదాన్ని వేలితో చూపుతున్నాడా? రోజంతా అతనితో మాట్లాడేవారెవరు? రెండు భాషలు వినడంవల్ల భాషాలోపం రాదని పరిశోధనలు తేల్చాయి. అతనికి వచ్చిన మాటలను రెండు భాషల్లోనూ కలిపి లెక్కించాలి. అప్పటికీ తక్కువగా ఉంటే వేచిచూడకుండా వినికిడి పరీక్ష చేయించాలి.

ఈ చదువు మన నగరంలోనే ఉంది. సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కళాశాలలో దీనికి ప్రత్యేక శాఖ ఉంది. ఒకప్పటి గృహవిజ్ఞాన కళాశాల ఇదే. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది. ఇక పరిశోధన మన పొరుగునే జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90లో హైదరాబాద్ పరిసరాల్లోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేపట్టింది. వాటిలో కొన్నింట గర్భిణులకు, చిన్నారులకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, మిగతా గ్రామాల వారికంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. తొలి ఏళ్లలో చూపిన శ్రద్ధ అంతకాలం నిలిచింది.

అయితే ఈ శ్రద్ధ తల్లి ఒక్కరి బాధ్యత కాదు. బిడ్డకు పాలు మాన్పించే విషయాన్ని సైతం తల్లిదండ్రులిద్దరి సంప్రదింపులకు, పరస్పర అంగీకారానికి ముడిపెట్టింది దివ్యఖుర్ఆన్ (2:233). కనుక అమ్మాయైనా, అబ్బాయైనా ఈ చదువు కోరితే ఆపకండి. అల్లాహ్ మనకు అప్పగించిన అమానతును గమనించడం నేర్పే చదువు అది.